పాతికేళ్ల సంతకం, ఐదేళ్ల సిరా

గాలిని నమ్ముకోలేమని మన విద్యుత్ శాఖ పెద్దలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. వీస్తే వీస్తుంది, లేకపోతే లేదు, దాన్ని నమ్మి గ్రిడ్ నడపలేం అంటారు. అనంతపురం జిల్లా గాలికి ఈ మాట వినిపిస్తే నొచ్చుకుంటుంది. ఏటా ఎండాకాలం చివర్లో బయల్దేరి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు మెట్టల మీద ఈడ్చి కొట్టి, దసరా నాటికి చల్లబడుతుంది. ముఖ్యమంత్రి ఎవరో కనుక్కుని రాదు. కిందటి ప్రభుత్వ హయాంలో వీచినదాన్ని సమీక్షించడానికి కమిటీ వేయమనీ అడగదు. ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ వ్యవహారంలో వేళకు వచ్చి వేళకు పోయేది ఏదన్నా ఉందంటే అది గాలే. మిగతా వాళ్ల సంగతే చూడాలి.

రామగిరి కొండల మీద 1990ల్లోనే చిన్న చిన్న గాలిమరలు తిరిగాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలు గడిచి, 2014లో రాష్ట్రం విడిపోయే నాటికి కూడా మొత్తం సామర్థ్యం 1,000 మెగావాట్లకు లోపే. 2015లో చంద్రబాబు ప్రభుత్వం పవన విద్యుత్ విధానం ప్రకటించింది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి కొనుగోలు ధర ఖరారు చేసింది. 2016-17కి ఆ ధర యూనిట్‌కు 4 రూపాయల 84 పైసలు. ఒప్పందం పాతికేళ్లు. ఆ పాతికేళ్లూ ధర పైసా పెరగదు, పైసా తగ్గదు.

ఇక చూడాలి ఆ సందడి! యూనిట్‌కు 50 పైసల చొప్పున కేంద్రం ఇస్తున్న ప్రోత్సాహకం 2017 మార్చి 31తో ముగిసిపోతుంది. తరుగుదల మీద పన్ను రాయితీ కూడా 80 శాతం నుంచి 40కి దిగిపోతుంది. ఆ లోపు మర తిరిగితేనే లాభం. పొడవాటి రెక్కలు మోసుకుంటూ ట్రెయిలర్ లారీలు పల్లె మలుపుల్లో ఇరుక్కున్నాయి, వేరుశనగ చేల మధ్య కొత్త రోడ్లు పడ్డాయి. 2016-17 ఒక్క ఏడాదిలోనే 2,190 మెగావాట్లు వచ్చి చేరాయి. దేశంలో మనమే ఫస్టు.

ఆ పరుగు ఇంకా ఆగకముందే, 2017 ఫిబ్రవరిలో, కేంద్ర సంస్థ సెకి పెట్టిన దేశపు తొలి పవన విద్యుత్ వేలంలో ధర 3 రూపాయల 46 పైసలకు దిగింది. వేలం దాకా ఆగి ఉంటే మనకూ చౌకగా దొరికేది కదా అన్న విమర్శ అబద్ధం కాదు. 4.84కి అంత మూట కొనాలా అని ఆనాడే గట్టిగా అడగాల్సింది. ఆ బుద్ధి సంతకానికి ముందు పుట్టి ఉంటే ఇవాళ ఈ కాలమ్‌కు వేరే విషయం వెతుక్కునేవాణ్ణి. మన దగ్గర బుద్ధి ఎప్పుడూ ఎన్నికల ఫలితాలతో పాటే పుడుతుంది.

2019 మేలో ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. జులై 1న జీవో నంబర్ 63 వచ్చింది. గాలి, సౌర ఒప్పందాల ధరల్ని తిరిగి బేరమాడటానికి ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీ వేశారు. చూడండి, ఎంత మర్యాదైన పేరు! సంప్రదింపులంటే ఇద్దరూ ఒప్పుకుంటే జరిగేవి కదా అని ఎవరికైనా సందేహం వస్తే, జులై 12న కంపెనీలకు వెళ్లిన ఉత్తరాలు ఆ సందేహం తీర్చాయి. గాలికి ఇక 2 రూపాయల 43 పైసలు, ఎండకు 2 రూపాయల 44 పైసలు, కాదంటే ఒప్పందాలే రద్దు.

ఈ 2.43 ఎక్కడిదంటారా? 2017 డిసెంబర్‌లో గుజరాత్ పెట్టిన వేలంలో పలికిన ధర. గాలి మనది, కొండ మనది, మర పెట్టిన సంవత్సరం వేరు, వేలమన్నదే జరగలేదు, ధర మాత్రం గుజరాత్‌ది. ఇదెలా ఉందంటే, ఒక రైతు సంతలో ఎద్దుల జత కొన్నాడు. మూడు సేద్యాలు చేసుకున్నాడు. అవతల తాలూకా సంతలో ఎద్దుల ధర సగానికి పడిందని తెలిసి, అమ్మినాయన ఇంటికి వెళ్లి, 'మిగతా సగం నాకియ్యి, లేకుంటే నీ ఎద్దుల్ని నువ్వే తోలుకుపో, సేద్యం చేసినందుకు మాత్రం లెక్క అడక్కు' అన్నాడు. ఈ రైతును ఊరంతా ఏమంటుందో మనకు తెలుసు. మన రాష్ట్రంలో దాన్ని ప్రజాధనం కాపాడటం అన్నారు.

4.84ను ఎవరో చీకట్లో చెవిలో చెప్పుకున్న ధర అనుకునేరు. బహిరంగ విచారణ పెట్టి, లెక్కలు వేసి రాష్ట్ర నియంత్రణ మండలే ఖరారు చేసిన ధర అది. దాన్ని ఎక్కువంటే తప్పు పట్టాల్సింది ఆ లెక్కను. దాన్ని నమ్మి బ్యాంకు అప్పు తెచ్చి మర నిలబెట్టినవాణ్ణి దోషిగా నిలబెట్టడం ఏ పద్ధతో నాకు అంతుబట్టదు. అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్‌కూ అంతుబట్టలేదు, వద్దని లేఖలు రాశారు. జపాన్ రాయబారి కూడా ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. అనంతపురం గాలి గురించి టోక్యో దాకా కబురు వెళ్లడం చిన్న విషయమేమీ కాదు. పెట్టుబడుల సదస్సు పెట్టకుండానే రాష్ట్రం పేరు ప్రపంచానికి చేరింది.

హైకోర్టు ముందు ఆ జీవోను నిలిపేసింది, తర్వాత సెప్టెంబర్ 24న కొట్టేసింది. అయితే ధరల సంగతి ఆరు నెలల్లో నియంత్రణ మండలి తేల్చాలనీ, అందాకా గాలికి 2.43, ఎండకు 2.44 చొప్పున చెల్లించమనీ చెప్పింది. ఈ కరెంటు కొనే మన డిస్కంలకు ఇంతకన్నా శుభవార్త ఉంటుందా? ఓడిపోయిన కేసులో అడిగిన ధరే దక్కింది. ఆరు నెలలన్నది రెండున్నరేళ్లు సాగింది. 2022 మార్చి 15న హైకోర్టు ధర్మాసనం, కుదిరిన ధరను మార్చే అధికారం మండలికి లేదని తేల్చి, ఒప్పందం ప్రకారం మొత్తం బకాయి ఆరు వారాల్లో కట్టమంది. అప్పుడు డిస్కంలు వాయిదాల పద్ధతి ఎంచుకున్నాయి. ఇంతకీ ప్రజాధనం ఎంత ఆదా అయింది? ధర అదే 4.84. చెల్లింపు మాత్రం కొన్నేళ్లు ఆలస్యం. మధ్యలో లాయర్ల ఫీజులు.

ఇందులో ఇంకో సొగసుంది. అనంతపురం పల్లెల్లో వీటిని గాలిమరలు అనేవాళ్లు తక్కువ, ఫ్యాన్లు అంటారు. 'ఫ్యాన్ల కాడ మేకలు మేపుతున్నా' అంటారు. ఫ్యాను గుర్తు మీద గెలిచిన పార్టీ, కొండ మీద తిరిగే ఫ్యాన్ల మీద యుద్ధానికి దిగింది. అవతలి పార్టీ గుర్తు సైకిలు. అది కాలుతో తొక్కితే తప్ప కదలదు, డైనమో పెట్టినా లైటు ముందుకే పడుతుంది, వెనక చేసిన సంతకాల మీద పడదు. సైకిలు వాళ్లు సుద్దపూసలని నేననడం లేదు. కేంద్రం కంపెనీలకిచ్చే ఆ 50 పైసల ప్రోత్సాహకాన్ని 4.84లోంచి కోసుకుంటామని డిస్కంలు మండలి మెట్లెక్కిందీ, 2018లో మండలి సరేనన్నదీ వాళ్ల హయాంలోనే. కంపెనీలు దాని మీదా కోర్టుకెళ్లాయి. కుదుర్చుకున్నాక కోసుకోవడం ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. ఒకరు 50 పైసల దగ్గర ఆగారు, ఇంకొకరు సగానికి సగం అడిగారు.

ఫలితం లెక్కల్లో చూడొచ్చు. 2019 మార్చి నాటికి రాష్ట్రంలో పవన విద్యుత్ సామర్థ్యం సుమారు 4,090 మెగావాట్లు. నాలుగేళ్ల తర్వాత? సుమారు 4,096. అంటే నాలుగేళ్లలో ఆరు మెగావాట్లు. ఏటా ఒకటిన్నర! రెండు మెగావాట్ల మర ఒక్కటి నిలబెట్టాలన్నా ఏడాది చాలదన్న మాట. రాయదుర్గం దాటితే బళ్లారి. అక్కడా అదే కొండ, అదే ఎర్రమట్టి, అదే గాలి. కర్ణాటక 2019లో 4,700 దగ్గరుండేది, 2025 మార్చికి 7,000 దాటింది. సరిహద్దు రాళ్లను చూసి గాలి ఆగదు. పెట్టుబడి ఆగుతుంది. తెలంగాణను ఈ పోటీలోకి లాగను. వాళ్లకున్నదే 128 మెగావాట్లు, తగువు పెట్టుకోవడానికి సరిపడా మరలు వాళ్ల దగ్గర లేవు.

అలాగని ఒప్పందాలంటేనే పడని ప్రభుత్వం కాదది. 2021 డిసెంబర్‌లో సెకితో 7,000 మెగావాట్ల సౌర విద్యుత్‌కు సంతకం చేసింది. యూనిట్ 2.49, గడువు మళ్లీ పాతికేళ్లు. ఆ ఎండ రాయలసీమది కాదు, రాజస్థాన్‌ది. సీమలో ఎండ చాలదని ఎవరో తప్పుగా చెప్పి ఉంటారు. పాతికేళ్ల ఒప్పందం ప్రజల మెడకు ఉరి అని ఒక చేత్తో హైకోర్టులో వాదిస్తూ, రెండో చేత్తో ఇంకో పాతికేళ్లకు సంతకం పెట్టగలగడం మామూలు విద్య కాదు.

ఇంత జరిగినా తప్పంతా ఫ్యాన్లదే అనే సిద్ధాంతం ఒకటి ఊళ్లలో తిరుగుతోంది. ఫ్యాన్లు మబ్బుల్ని తరిమేస్తున్నాయట, అందుకే వానలు లేవట. కరువులో మూడు పంటలు పోగొట్టుకుని ఆకాశం కేసి చూసే రైతుకు, చూపు మేరలో కదిలేది ఆ రెక్కలొక్కటే. వాటిని అనుమానించడంలో ఆశ్చర్యమేముంది? అతణ్ణి నేను వెక్కిరించను. ఓటు కోసం 'నిజమే పెద్దాయనా' అని తలూపే నాయకుణ్ణి మాత్రం వదలను. రెక్క చివర ఎంత ఎత్తుకు లేచినా నూటయాభై మీటర్ల చుట్టుపక్కలే, మబ్బు అంతకు ఎన్నో రెట్లు పైన నడుస్తుంది. అనంతపురం కరువు ఫ్యాన్లతో రాలేదు. నైరుతి గాలి తన నీళ్లన్నీ పడమటి కనుమల అవతల కుమ్మరించి, ఇటువైపు ఒట్టి చేతులతో దిగుతుంది. వాన తేలేని ఆ పొడిగాలే రెక్కలు తిప్పుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లాకు ప్రకృతి చూపిన పరిహారమేదన్నా ఉంటే అది ఇదే. కరువు తెచ్చిన గాలితో కరెంటు చేసుకోండి అంది, మనం దాని మీద వ్యాజ్యం వేసుకున్నాం.

మరి ఆ ఊళ్లకు దక్కిందేమిటి? మర కింద ఎకరాలు అమ్మినవాడికి ఒకసారి డబ్బొచ్చింది. పక్క చేను వాడికి దుమ్మొచ్చింది. ఒకరిద్దరు కుర్రాళ్లకు సెక్యూరిటీ గార్డు యూనిఫారం వచ్చింది. రాగి తీగల దొంగలకు మాత్రం శాశ్వత ఉపాధి దొరికింది. కంపెనీలకు న్యాయం జరగలేదని నేను ఇంతసేపు వాదించాను కాబట్టి వాళ్లను పుణ్యాత్ములనుకోవద్దు. కానీ 4.84ను 2.43 చేసినప్పుడు బెళుగుప్ప రైతుకు మిగిలిన 2.41 నుంచి ఒక్క పైసా అందలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కరెంటు బిల్లు కట్టే మనకూ అందలేదు. మనకు పాత ఖర్చుల పేరిట ట్రూఅప్ ఛార్జీలు అందాయి.

ఇప్పుడు మళ్లీ వసంతం. 2024 అక్టోబర్‌లో సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం వచ్చింది. 160 గిగావాట్లు, 10 లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు. 2025 మేలో గుత్తి మండలం బేతపల్లిలో రెన్యూ సంస్థ 22,000 కోట్ల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఈ రాష్ట్రంలో బకాయిల కోసం ఏళ్ల తరబడి కాచుక్కూచున్న కంపెనీల్లో అదీ ఒకటి. వాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి, లేదా కొత్త ఒప్పందంలో ఏం రాయించుకున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఒప్పందాల లెక్కలంటారా, విశాఖలో వాటికి ఎప్పుడూ కరువు లేదు. 2023 మార్చి పెట్టుబడుల సదస్సులో 13 లక్షల కోట్ల చిల్లర ఒప్పందాలన్నారు, అందులో పెద్ద వాటా విద్యుత్‌దే. ఆ సంతకాలు పెట్టినవి ఫ్యాన్ల ధర కోసేసిన చేతులే. 2025 నవంబర్ సదస్సు నాటికి ప్రభుత్వం మారింది, మొత్తం మాత్రం మళ్లీ 13 లక్షల కోట్లు పైచిలుకే. రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చిన అంకె ఇదొక్కటే కాబట్టి దీన్ని రాష్ట్ర అంకెగా ప్రకటించవచ్చు. ఎంవోయూ కాగితానికి జాతీయ పవన శక్తి సంస్థ కొలత అక్కర్లేదు. ఆ సంస్థ 120 మీటర్ల ఎత్తున మన రాష్ట్రంలో దాదాపు 75,000 మెగావాట్ల గాలి ఉందని తేల్చింది. ఎంవోయూల్లో అంతకన్నా ఎక్కువే వీస్తుంది.

2016-17లో కుదిరిన ఒప్పందాలు 2041, 2042 దాకా నడవాలి. మధ్యలో అసెంబ్లీ ఎన్నికలు 2029లో, 2034లో, 2039లో వస్తాయి. మీటర్ దగ్గర కూర్చునే ఇంజినీరుకు ఈ మూడు తేదీలూ తెలుసు, అప్పిచ్చే బ్యాంకుకు ఇంకా బాగా తెలుసు. వడ్డీ రేటులో ఆ మూడు తేదీల ఖరీదూ కలిపే ఉంటుంది, కట్టేది ఎలాగూ వినియోగదారుడే. అందుకని కొత్త ఒప్పందాలు రాస్తున్న అధికారులకు నాదొక మనవి. తుపాను, భూకంపం, యుద్ధం వస్తే ఎవరి బాధ్యత ఎంతో చెప్పే పేరా ఒకటి ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. భూకంపం పక్కన ఒక కామా పెట్టి 'ప్రభుత్వ మార్పు' అని చేర్చండి. బీమా కంపెనీలు దాని ప్రీమియం ఎంతో చెబుతాయి. తుపానుకన్నా ఎక్కువే చెబుతాయని నా అంచనా, ఎందుకంటే తుపాను ఎప్పుడొస్తుందో ముందే చెప్పడం కష్టం, ఇది ఐదేళ్లకోసారి ఖాయం.