మా బావ మెకానికల్

అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళలో చాలామంది చదివింది కంప్యూటర్లు కాదు. సివిల్ చదివినవాడు ఆ సంగతి హాయిగా మర్చిపోతాడు. ఎలక్ట్రికల్ వాడు ఇంట్లో ఒక ఫ్యాను బిగించి ఋణం తీరిందనుకుంటాడు. మెకానికల్ వాడు మాత్రం మర్చిపోడు. ఇరవయ్యేళ్ళుగా డేటాబేసులకు కాపలా కాస్తున్నా సరే, ఏం చదివారని ఎవరైనా అడిగితే ఛాతీ ఒక అంగుళం పెంచి, "మెకానికల్" అంటాడు.

మా బావ మెకానికల్.

ఉండేది అయోవాలో, డిమోయిన్ దగ్గర. అమెరికాలో మొక్కజొన్న అన్నిటికంటే ఎక్కువ పండేదీ, దాన్నుంచి ఇథనాల్ అన్నిటికంటే ఎక్కువ తీసేదీ ఈ రాష్ట్రమే. ఒక బుషెల్ గింజలు, అంటే 56 పౌన్లు, పులియబెట్టి బట్టీ పెడితే మూడు గాలన్లకు కాస్త తక్కువగా దిగుతుంది. ఈ లెక్క నాకెలా తెలుసంటే, మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా బావ మొక్కజొన్న గారెలు తింటూ, గారెకి ఎన్ని చుక్కల ఇంధనం పొట్టలోకి పోతోందో చెబుతూ ఉంటాడు. అలా చెప్పి, ఇంకో రెండు వడ్డించుకుంటాడు.

ఆమధ్య ఆయన పాత యమహా వైఎఫ్‌జడ్ 450 ఒకటి కొన్నాడు. నాలుగు లావుపాటి చక్రాల మీద మోటార్‌సైకిల్‌ను కూర్చోబెట్టినట్టుంటుంది. ఇక్కడ దాన్ని స్పోర్ట్ క్వాడ్ అంటారు. పేరులో 450 ఉందిగానీ ఇంజిన్ 439 సీసీయే. "మన ప్యాకేజీల్లాగేనోయ్, చెప్పేదొకటి, చేతికొచ్చేదొకటి" అన్నాడు బావ. బండి మీట నొక్కితే చాలు, పలికేది. అదే దాని నేరం. మొదటి శనివారం రెండు చుట్లు తిరిగొచ్చి, దిగి, దానివంక దిగులుగా చూశాడు. నడిచే బండితో మెకానికల్ వాడికేం పని? దేవుడే ఎదురుగా వచ్చి కూర్చుంటే పూజారి గంట ఎవరికోసం కొట్టాలి?

"దీన్ని ఇథనాల్‌కి మార్చేస్తా" అన్నాడు.

కారణాలు ఆయన దగ్గర వరసగా ఉన్నాయి. పెట్రోలు బంకులో పసుపు పిడి ఉన్న పంపు ఈ85ది, అంటే పెట్రోలు కాస్త కలిపిన ఇథనాల్‌ది, గాలన్ ధర తక్కువ. ఆక్టేన్ నూరు దాటుతుంది కాబట్టి ఇంజిన్ గట్టిగా కుదించినా టకటకమని కొట్టుకోదు. ఆవిరయ్యేటప్పుడు వేడిని పీల్చేస్తుంది కాబట్టి లోపలికి పోయే గాలి చల్లబడి చిక్కబడుతుంది. బ్రెజిల్‌లో 1979లోనే ఫియట్ 147 ఇథనాల్ మీద రోడ్డెక్కింది. ఇండీ రేసు కార్లు 2007లో దీనికే మారాయి. సత్యనారాయణ వ్రతంలో అయిదు అధ్యాయాలూ అయ్యాక, ప్రసాదం రావడం ఆలస్యమైతే, ఈ ఆరో అధ్యాయం మా డిమోయిన్ తెలుగువాళ్ళంతా విని తరించారు.

మా అక్క మాత్రం తరించలేదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని తెలిసి, మా ఊళ్ళో మా అవ్వ కూడా చీపురు తిరగేసి బయల్దేరింది. ఆ అవ్వ మనవరాలి గ్యారేజీలో ఇప్పుడు అదే సరుకు, అయిదేసి గాలన్ల క్యాన్లు నాలుగు!

"ఇది తాగేది కాదే! ఇందులో పెట్రోలు కలిపి అమ్ముతారు. తాగితే పోతారు."

"సారా తాగితే మాత్రం బతికారా?" అంది అక్క. "చవకని కొంటున్నావు సరే. గాలన్‌లో నాలుగోవంతు బలం తక్కువని నువ్వే అంటివి. అగ్గువకి కొని ఎక్కువ తగలెయ్యడం ఏం పొదుపు?"

బావ దీనికి సమాధానం చెప్పలేదు. పొదుపు ఎప్పుడూ నెపమే.

అసలు పని జెట్టు దగ్గర మొదలవుతుంది. కార్బురేటర్ అడుగున వడ్లగింజంత ఇత్తడి మర ఉంటుంది, దాని నడుమ బెజ్జం. ఇంజిన్‌కి ఎంత ఇంధనం అందాలో తేల్చేది ఆ బెజ్జమే. బరువు లెక్కన పెట్రోలు ఒక పాలు కాలడానికి గాలి 14.7 పాళ్ళు కావాలి, ఈ85కి పది పాళ్ళలోపే చాలు. అంటే అదే గాలికి ఇంధనం, గాలన్ల లెక్కన, నూటికి సుమారు నలభై పాళ్ళు ఎక్కువ పొయ్యాలి. అందుకని బావ జెట్లు తెప్పించాడు. తెప్పించి, అక్క ఇడ్లీ రేకులు తీసుకెళ్ళి, గుంటకొక జెట్టు చొప్పున సర్ది, ఒక్కోదాని పక్కన తెల్లటి పట్టీ అంటించి అంకె రాశాడు. ఆ ఆదివారం మా అందరికీ ఉప్మా.

బండిలో ఉన్న జెట్టు 160. అంటే బెజ్జం మిల్లీమీటరున్నర పైన ఇంకాస్త. బావ ఫోను తీసి 160ని 1.4తో గుణించాడు. 224. అంత పెద్ద జెట్టు ఇడ్లీ రేకుల్లో లేదు. సన్నటి డ్రిల్లు ముక్కలు కొని, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని, రెండు రాత్రులు కూర్చుని, తొలిచాడు.

బండి పలకలేదు. స్పార్క్ ప్లగ్ తీస్తే గంజిలోంచి తీసిన గరిటెలా కారుతూ వచ్చింది. ఇంజిన్ ఆయిలు మజ్జిగ పులుసు రంగులోకి తిరిగింది. మూడు వారాంతాలు బావ దోషులను వెతికాడు. రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి ఉబ్బాయన్నాడు, మార్చాడు. బ్యాటరీ అన్నాడు, మార్చాడు. అక్టోబరు చలికి ఇథనాల్ సరిగ్గా ఆవిరి కాదు అన్నాడు. అది నిజమే కాబట్టి, వేడినీళ్ళ సంచి కార్బురేటర్‌కి కట్టి, పైన దుప్పటి కప్పి బాలింతలా చూసుకున్నాడు. బంకువాళ్ళ మీదా అనుమానం వచ్చింది. ఈ85 అని రాసి ఉన్నా అందులో ఇథనాల్ కాలాన్నిబట్టి 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు మరి. గాజుగొట్టంలో గీత దాకా నీళ్ళు, ఆపైన ఈ85 పోసి, బొటనవేలితో మూసి గిలకొట్టి, వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాడు. ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీళ్ళలో కలిసిపోతుంది. అడుగున నీళ్ళు ఎంత పెరిగాయో చూస్తే లెక్క తేలుతుంది. ఆ గొట్టాన్ని చూస్తున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే శాంతి నేను ఆఫీసు పార్టీల్లో ఎన్నడూ చూడలేదు.

నాలుగో శనివారం మా మేనకోడలు గ్యారేజీలోకి వచ్చింది. ఎనిమిదో తరగతి. గోడమీద అంటించిన లెక్క చూసింది.

"డాడీ, ఇది హోల్ సైజా?"

"అవునమ్మా."

"ఏరియా అంటే పై ఆర్ స్క్వేర్ కదా? డయామీటర్‌ని 1.4తో పెంచితే ఏరియా డబుల్ అయిపోతుంది."

గ్యారేజీలో నిశ్శబ్దం. ఫ్రిజ్ ఒక్కటే మూలుగుతోంది. గుణించాల్సింది 1.4తో కాదు, దాని వర్గమూలంతో. 189 వస్తుంది. 190 జెట్టు, అంతా కలిపి నాలుగు డాలర్ల సరుకు, మూడో ఇడ్లీ రేకులో మొదటి గుంటలో, మొదటిరోజు నుంచీ కూర్చుని ఉంది.

"నీకు తెలుస్తుందో లేదో చూద్దామని అలా వదిలేశా" అన్నాడు బావ.

190 బిగించాక, కార్బురేటర్ సూదిని ఒక మెట్టు ఎత్తాక, బండి పలికింది. పలకడమా అది! ఆఫీసులో బావతో పనిచేసే ఒకాయన పొలం గట్టుమీద దాన్ని వదిలితే ఎండి గలగలలాడే మొక్కజొన్న మధ్యనుంచి బాణంలా పోయింది. వెనకాల తియ్యటి వాసన, ఊళ్ళో బట్టీ గుర్తొచ్చేలా. నేనూ మేనకోడలూ చప్పట్లు కొట్టాం. శబ్దం దూరమైంది, ఇంకా దూరమైంది, ఉన్నట్టుండి ఆగింది.

మైలు దూరం నడిచి వెళ్ళేసరికి బావ టాంకు మూత తీసి లోపలికి చూస్తున్నాడు. చుక్క లేదు. పెట్రోలు రోజుల అలవాటున అదే కొలత పోసుకుని బయల్దేరాడు. కనుచూపు మేర నాలుగు వైపులా మొక్కజొన్నే.

ఆ పొలం ఆయన పికప్పులో వచ్చి, వెనకనుంచి పెట్రోలు క్యాను దించాడు. బావ రెండు చేతులూ అడ్డంపెట్టాడు, ఏకాదశినాడు పెళ్ళిభోజనానికి పిలిచినట్టు. దీనికిప్పుడు పెట్రోలు పడదు, ఈ జెట్టుతో పోస్తే ముంచేస్తుంది అని వివరించాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీ క్వాడ్‌కి కూడా మార్చిపెట్టనా?" అన్నాడు బావ ఆశగా.

"మొక్కజొన్న నేనే పండిస్తా, నేనే అమ్ముతా" అన్నాడాయన. "నా క్వాడ్‌లో మాత్రం పెట్రోలే పోస్తా. రేపు పొద్దున దాంతో పనుంది."

ఆయన వెళ్ళిపోయాడు. ముగ్గురం బండి నెట్టడం మొదలుపెట్టాం. బావ చెమటలు కక్కుతూ వెలిగిపోతున్నాడు. అప్పుడే తరువాతి పని దొరికినట్టుంది.

"టాంకు చిన్నదయిందోయ్. 1.4 రెట్లు పట్టేది కావాలి. పొడుగూ వెడల్పూ ఎత్తూ అన్నీ 1.4తో గుణించి..."

"డాడీ," అంది వెనకనుంచి నెడుతున్న పిల్ల, "ఈసారి క్యూబ్ రూట్."

బావ నెట్టడం ఆపేశాడు. నావైపు తిరిగి, కూతురివైపు వేలు చూపించి, ఛాతీ ఒక అంగుళం పెంచాడు.

"మెకానికల్" అన్నాడు.