సూటా, కాదా? ఓటేసి చెప్పండి!

2025 జూన్ 24న నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరానికి నాటో సమావేశం కోసం వచ్చిన ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ నల్ల కోటు, నల్ల ప్యాంటు, కాలరున్న చొక్కా వేసుకున్నాడు. యుద్ధం మొదలైన నాటి నుంచి సిపాయి తరహా దుస్తుల్లోనే తిరుగుతున్న మనిషి. ఆ ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో ఒక విలేకరి ‘సూటెందుకు వేసుకోరు?’ అని మొహం మీదే అడిగాడు కూడా. అందుకే ఈ కొత్త వేషం అందరి కళ్లలో పడింది. చాలా పత్రికలు దాన్ని సూటనే రాశాయి. దర్జీలకు తప్ప మరొకరికి పట్టాల్సిన సంగతి కాదిది. కానీ పాలీమార్కెట్ అనే పందేల వేదికలో ‘జూలై లోపు జెలెన్‌స్కీ సూటు వేసుకుంటాడా?’ అన్న ఒక్క ప్రశ్న మీద తిరిగిన డబ్బు 20 కోట్ల డాలర్లు దాటిపోయింది.

పాలీమార్కెట్ పందేలు పరిష్కారమయ్యేది బ్లాక్‌చెయిన్ మీద. దళారీ ఉండడు, పెద్దమనిషి ఉండడు, ఎవరినీ నమ్మే పనిలేదు, అన్నీ కోడే చూసుకుంటుందన్నది ఆ లోకపు నిత్య సంకీర్తన. కోడ్‌కు పందెం డబ్బు పైసా తేడా రాకుండా పంచడం వచ్చు. ఒక మనిషి ఒంటి మీదున్నది సూటో కాదో చెప్పడం మాత్రం రాదు. ఆ మాట బయట నుంచి ఎవరో ఒకరు చెవిన వేయాలి. అలా వేసే ఏర్పాటునే ఒరాకిల్ అంటున్నారు.

ఈ పందెంలో ఆ పని యూఎంఏ అనే ఒరాకిల్‌ది. దాని పద్ధతి వినసొంపుగానే ఉంటుంది. ఎవరో ఒకరు కొంత ధరావతు కట్టి ‘జవాబు ఇదీ’ అంటారు. రెండు గంటల్లో ఎవరూ కాదనకపోతే అదే నిజం. కాదనేవాళ్లూ ధరావతు కట్టాలి. తగవు ముదిరితే యూఎంఏ టోకెన్లు దగ్గరున్నవాళ్లు ఓటేస్తారు. తలకొక ఓటు కాదు, టోకెనుకొక ఓటు. ఎక్కువ ఓట్లు పడ్డ పక్షానికి బహుమానం, తక్కువ పడ్డ పక్షానికి కోత. కాబట్టి ఓటరు వేసుకోవాల్సిన ప్రశ్న ‘నిజమేమిటి’ అని కాదు, ‘మిగతావాళ్లు దేన్ని నిజమంటారు’ అని. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ సృష్టికర్త విటాలిక్ బ్యూటెరిన్ 2014లోనే ఈ ఊహకు షెల్లింగ్‌కాయిన్ అని నామకరణం చేశాడు. అందరికీ ఒకేలా తోచే జవాబు నిజమే కనుక అందరూ దానికే ఓటేస్తారని అందులోని ఆశ.

ఆశ బాగానే ఉంది. జెలెన్‌స్కీ పందెంలో ముందు ‘వేసుకున్నాడు’ అని ప్రతిపాదించారు, అభ్యంతరం వచ్చింది. మళ్లీ ప్రతిపాదించారు, మళ్లీ అభ్యంతరం. చివరకు జూలైలో టోకెన్ల ఓటుతో ‘వేసుకోలేదు’ అని తేలింది. ఆగస్టు 18న జెలెన్‌స్కీ అలాంటి నల్ల దుస్తుల్లోనే వైట్‌హౌస్‌కు వెళితే, ఫిబ్రవరిలో నిలదీసిన ఆ విలేకరే సూటు అదిరిపోయిందని మెచ్చుకున్నాడు. తానూ అదే మాటన్నానని ట్రంప్ వంతపాడాడు. అప్పటికి పందెం డబ్బు పంపకాలు ఎప్పుడో అయిపోయాయి.

లెక్కలో ఇంకో తమాషా ఉంది. ఆ రోజుల్లో లోకంలోని యూఎంఏ టోకెన్లన్నిటినీ మార్కెట్ ధరకు కట్టినా విలువ 10 కోట్ల డాలర్ల దగ్గరే. అంటే న్యాయస్థానం మొత్తం ఖరీదు, ఆ ఒక్క వ్యాజ్యంలో తిరిగిన సొమ్ములో సగం. పందెం కాసినవాడు న్యాయమూర్తి కుర్చీలో కూర్చోకూడదన్న నియమం కూడా లేదు.

ఇది ఒక్కసారి జరిగిన పొరపాటైతే నవ్వి ఊరుకోవచ్చు. అదే ఏడాది మార్చిలో ‘ఏప్రిల్ లోపు ట్రంప్ ఖనిజాల ఒప్పందానికి ఉక్రెయిన్ ఒప్పుకుంటుందా?’ అన్న 70 లక్షల డాలర్ల పందెం ‘ఒప్పుకుంది’ అని ముగిసింది. అప్పటికి ఒప్పందమేదీ జరగలేదు. సంతకాలు పడింది ఏప్రిల్ 30న. ఓటింగులో ఒకే ఆసామి మూడు ఖాతాల నుంచి దాదాపు 50 లక్షల టోకెన్లు, అంటే పోలైన ఓట్లలో పాతిక శాతం, గుమ్మరించాడని వార్తలొచ్చాయి. ఇలాంటిది మునుపెన్నడూ ఎరగమని పాలీమార్కెట్ విచారం ప్రకటించింది. అయినా ఇది మార్కెట్ వైఫల్యం కాదు కనుక డబ్బు వాపసు ఇవ్వలేమంది. జరగనిది జరిగినట్టు తేలడం వైఫల్యం కాకపోతే మరేది వైఫల్యమో వివరించలేదు. ఆగస్టులో ఒక సంస్కరణ తెచ్చారు: పాలీమార్కెట్ పందేలకు జవాబు ప్రతిపాదించే హక్కు ఇక అందరికీ ఉండదు, ముందుగా ఆమోదించిన 37 వాలెట్లకే. ఎవరినీ నమ్మనక్కర్లేని వ్యవస్థ, చివరికి నమ్మదగినవాళ్ల జాబితా రాసుకుంది.

అసలు కోడ్‌కు ఈ గుడ్డితనం ఎక్కడిదంటే, అది లోపం కాదు, కావాలని పెట్టుకున్న కట్టుబాటు. బ్లాక్‌చెయిన్‌లో వేలాది కంప్యూటర్లు ఒకే లెక్కను విడివిడిగా చేసి, ఒకే జవాబు రాబట్టాలి. వాటిని ఇంటర్నెట్‌లోకి తొంగిచూడనిస్తే ఒకదానికి ఇథీరియం నాణెమైన ఈథర్ ధర 2,000 డాలర్లని, ఇంకోదానికి 2,001 అని కనిపిస్తుంది. అక్కడితో ఏకాభిప్రాయం చెడుతుంది. అందుకే బ్లాక్‌చెయిన్ మీద నడిచే కోడ్‌కు, అంటే స్మార్ట్ కాంట్రాక్ట్‌కు, కిటికీలుండవు. 2015లో ఇథీరియం మొదలైనప్పటి నుంచీ ఇంజినీర్లు దీన్ని ‘ఒరాకిల్ సమస్య’ అనే పిలుస్తున్నారు, దాచలేదు కూడా. దాచింది అమ్మకాల విభాగం.

2017లో సెర్గీ నజరోవ్, స్టీవ్ ఎలిస్, కార్నెల్ ఆచార్యుడు ఆరీ జ్యూల్స్ కలిసి చెయిన్‌లింక్ అనే ఒరాకిల్ శ్వేతపత్రం రాశారు. ఒక్కడే ధర చెబితే అబద్ధమాడొచ్చు, చాలామందిని అడిగి మధ్యగతం తీస్తే ఒకడి అబద్ధం తేలిపోతుందన్నది సిద్ధాంతం. ఇథీరియం మీద డాలర్లలో ఈథర్ ధరను ముప్పై ఒక్క నోడ్‌లు, అంటే ధర చెప్పే కంప్యూటర్లు, చెబుతాయి. ధర అర శాతం కదిలినా, కదలకుండా గంట గడిచినా కొత్త అంకె చెయిన్‌కెక్కుతుంది. చక్కటి ఇంజినీరింగ్, సందేహం లేదు. చాలా రోజులు చక్కగానే పనిచేస్తుంది కూడా. వేల కోట్ల డాలర్ల అప్పులు ఆ అంకెల మీదే నడుస్తున్నాయి.

కానీ ఆ ముప్పై ఒక్కరూ ధరను ఎక్కడ చూస్తారు? ధరలు పోగేసి అమ్మే కొన్ని కంపెనీల దగ్గర. ఆ కంపెనీలు? బైనాన్స్, కాయిన్‌బేస్ వంటి మామూలు ఎక్స్ఛేంజీల దగ్గర. ఊరి చివర బస్సు బోల్తా పడిందని ముప్పై ఒక్క మంది ప్రమాణం చేసి చెప్పినా, అందరూ ఒకే టీకొట్టు దగ్గర విన్నవాళ్లయితే సాక్షి ఒక్కడే. ఇక ఆ నోడ్‌లు నడిపేవాళ్లలో జర్మనీ టెలికం దిగ్గజం డాయిషె టెలికామ్ అనుబంధ సంస్థ కూడా ఉంది. పెద్ద కంపెనీల పెత్తనం వద్దని బయల్దేరిన ఊరేగింపు, జర్మన్ టెలిఫోన్ కంపెనీ గుమ్మం ముందు ఆగి నమస్కారం పెట్టింది. చెయిన్‌లింక్ కాంట్రాక్టులను మార్చే తాళంచెవి తొమ్మిదిమంది దగ్గరుండేది, నాలుగు సంతకాలు పడితే చాలు. 2023 సెప్టెంబరులో ఆ తొమ్మిది చడీచప్పుడు లేకుండా ఎనిమిదయ్యింది. చూసినవాళ్లు అడిగితే, సంతకందారుల మామూలు మార్పిడే అన్నారు. నాలుగు సంతకాలు మాత్రం నాలుగే.

మధ్యగతం తీస్తే అబద్ధం చస్తుందన్న నమ్మకం కొత్తదేం కాదు. లండన్‌లో లైబార్ వడ్డీ రేటును కట్టింది ఇలాగే: పెద్ద బ్యాంకుల నుంచి అంకెలు తెప్పించి, పై కొసనా కింది కొసనా కొన్నిటిని తీసేసి, మిగిలినవాటి సగటు తీసేవారు. బ్యాంకులు కూడబలుక్కుని అంకెలు పంపాయి. 2012లో బార్‌క్లేస్ జరిమానా కట్టింది, ఛైర్మన్, సీఈవో ఇద్దరూ కుర్చీలు దిగారు. అక్కడ కనీసం దిగడానికి కుర్చీలున్నాయి.

ఒరాకిల్ చరిత్రలో హాస్యానికి కొదవలేదు. 2019 జూన్‌లో సింథటిక్స్ అనే వేదికకు ధరలందించే ఒక వనరు కొరియా వాన్ విలువను ఉన్నదానికి వెయ్యి రెట్లు చూపింది. అది చూసిన ఒక ట్రేడింగ్ బాట్ కొని, అమ్మి, గంట తిరక్కుండా 3.7 కోట్ల కృత్రిమ ఈథర్ మూటగట్టుకుంది. అప్పటికి లోకంలో ఉన్న అసలు ఈథరే సుమారు 10.6 కోట్లు. బాట్ యజమానిని వెతికి పట్టుకుని, బతిమాలి, బహుమానమిచ్చి లావాదేవీలు వెనక్కి తిప్పించుకున్నారు. కోడే చట్టమన్న లోకాన్ని ఆ రోజు కాపాడింది ఒక మనిషి మంచితనం. 2021 సెప్టెంబరు 20న పిత్ అనే ఇంకో ఒరాకిల్ బిట్‌కాయిన్ ధరను 5,402 డాలర్లని ప్రకటించింది. బజారులో అది 40 వేల పైన ఉంది. ధర పంపే ఇద్దరు దశాంశ బిందువు దగ్గర తడబడ్డారట. వాల్‌స్ట్రీట్‌లో పేరున్న ట్రేడింగ్ సంస్థలు ధరలిస్తాయని గొప్పగా చెప్పుకున్న ఒరాకిల్ అది. బిందువు మాత్రం బడిపిల్లల పరీక్షలో పోయినట్టే పోయింది.

లూనా అనే క్రిప్టో నాణెం కుప్పకూలిన 2022 మే నెలలో జరిగింది మరీ ముచ్చటైనది. చెయిన్‌లింక్ ధరల అందజేతలో ఇంతకంటే కిందికి చెప్పకూడదనే అడుగు హద్దు ఒకటి ఉండేది. లూనా ఆ హద్దు తొక్కగానే అందజేత దాదాపు 10.7 సెంట్ల దగ్గర ఆగిపోయింది. బజారు ధర ఒక సెంటుకు జారింది. తెలివైనవాళ్లు సెంటుకు కొన్న లూనాను వీనస్ అనే అప్పుల వేదికలో పది సెంట్ల సరుకుగా తాకట్టు పెట్టి 1.1 కోట్ల డాలర్లకు పైగా పట్టుకుపోయారు. ఒరాకిల్ అబద్ధమాడలేదు. మౌనం వహించింది, అంతే.

ఇంకా లోతైన చిక్కు మ్యాంగో మార్కెట్స్ అనే ట్రేడింగ్ వేదికది. అక్కడ ఒరాకిల్ నిజమే చెప్పింది. 2022 అక్టోబరు 11న అవ్రహం ఐసెన్‌బర్గ్ అనే వ్యాపారి రెండు ఖాతాల్లో చెరో 50 లక్షల డాలర్లు వేసి, ఒకదానితో ఇంకోదానికి ఎదురుగా మ్యాంగో టోకెన్ మీద భారీ పందెం కట్టాడు. ఆ తర్వాత ఎక్స్ఛేంజీలలో ఆ టోకెన్‌నే ఎగబడి కొన్నాడు. నాలుగు సెంట్ల లోపున్న ధర అరగంటలోనే 91 సెంట్లకు ఎగిరింది. ఒరాకిల్ ఆ ధరను నిజాయితీగా చేరవేసింది. కాగితం మీద పెరిగిన ఆ సంపదను తాకట్టు పెట్టి అతడు 11 కోట్ల డాలర్లకు పైగా ‘అప్పు’ తీసుకున్నాడు. ఒరాకిల్‌ల తప్పేమీ లేదని, అవి పనిచేయాల్సినట్టే పనిచేశాయని దోపిడీకి గురైన మ్యాంగో బృందమే ప్రకటించింది. ఆపరేషన్ సఫలమైంది, రోగి మాత్రం దక్కలేదు.

ఐసెన్‌బర్గ్ దాక్కోలేదు. ఇది లాభసాటి ట్రేడింగ్ వ్యూహమని, వేదికను దాని రూపకల్పన ప్రకారమే వాడుకున్నానని బాహాటంగా చెప్పుకున్నాడు. 6.7 కోట్లు వెనక్కిచ్చి 4.7 కోట్లు ఉంచుకునే రాజీ కుదిరింది. ఆ బేరసారాల మొదట్లో, కొల్లగొట్టిన టోకెన్లతోనే తన ప్రతిపాదనకు తనే ఓటేసుకున్నాడు కూడా. ఆ ఏడాది చివర్లో ప్యూర్టోరికోలో అరెస్టు చేశారు, 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ జ్యూరీ దోషి అంది. 2025 మేలో న్యాయమూర్తి అరుణ్ సుబ్రమణియన్ ఆ తీర్పులను కొట్టేశారు. కేసు న్యూయార్క్‌లో నడపడానికి తగిన ఆధారం లేదన్నారు. ఎవరినీ నమ్మని, ఎవరి అనుమతీ అడగని వేదికకు అతడు ఏ అబద్ధం చెప్పి మోసం చేశాడో ప్రాసిక్యూషన్ చూపలేకపోయింది. నమ్మకమే అక్కర్లేదన్న చోట నమ్మకద్రోహం నేరాన్ని నిరూపించడం కష్టమే మరి.

ఈ మోజు తెలుగునాటికీ వచ్చింది. 2017లో భూరికార్డులను బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించే పనిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో స్వీడన్‌కు చెందిన క్రోమావే సంస్థ చేతులు కలిపింది. ఒకసారి ఎక్కిన రికార్డును ఎవడూ దిద్దలేడన్నదే ఈ సాంకేతికత గొప్ప. దిద్దడం సంగతి తర్వాత, మొదట ఎక్కించేదెవరు? గొలుసు పట్టేది సర్వేయరు, అడంగల్‌లో పేరు రాసేది గుమస్తా, సంతకం తహసీల్దారుది. గట్టు రెండు మూరలు జరిగిందని బ్లాక్‌చెయిన్‌కు తెలియదు. తండ్రి బతికుండగానే చనిపోయినట్టు రాసి పెద్దకొడుకు పాస్‌బుక్ తెచ్చుకున్నాడని తెలియదు. తప్పు రాసినా అంతే భద్రంగా, అంతే శాశ్వతంగా దాచిపెడుతుంది.

ఇప్పటి పద్ధతిలో రైతుకు తిప్పలు తక్కువేం కావు. కానీ తప్పు పడితే ఏ బల్ల ముందు నిలబడాలో తెలుసు. తహసీల్దారు కాదంటే ఆర్డీవో ఉన్నాడు, ఆయనా కాదంటే కోర్టుంది, వాయిదాలుంటాయి, ఆయుష్షుంటే తీర్పూ ఉంటుంది. ఆ గట్టు తగాదానే టోకెన్ల ఓటుకు పెట్టారనుకోండి, పక్క పొలం ఆసామి సర్వేయరుకు కాఫీ కూడా ఇప్పించడు. టోకెన్ల ధరెంతో కనుక్కుంటాడు. అవి ఎకరం కంటే చవగ్గా దొరికితే, ముందు అవే కొంటాడు.