కత్తెర పట్టాభిషేకం

కావ్యం మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరిని కొలవాలన్నారు పెద్దలు. మనది దర్జీ కావ్యం కనుక కొలవడానికి లోటు లేదు. ఒంటికన్ను గలదై, ఆ కంటితో ఏమీ చూడనిదై, తాను దిగంబరంగా ఉండి లోకానికంతా బట్ట కట్టించేదై, వేల్లో దిగినప్పుడు మాత్రమే తన ఉనికి చాటుకునేదైన సూదితల్లికి తొలి నమస్కారం. ఆ తర్వాత కుకవి నింద చేయడం ఆచారం. ఎవరి భుజమూ ముట్టుకోకుండానే మానవజాతిని ఎస్, ఎం, ఎల్ అని మూడు కుప్పలు పోసిన రెడీమేడ్ దుకాణాలకు దూరం నుంచే ఒక దండం పెట్టి ముందుకు సాగుదాం.

ఇక పురవర్ణన. మూడు కాలువలు పారే తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అని బిరుదు. ఆ మహానగరంలో, ఒక ఇరుకు సందులో, రెండు మిషన్లూ ఒక బల్లా పట్టేంత సామ్రాజ్యం ఒకటుంది. తూర్పున ఇస్త్రీ బండి, పడమర టీ కొట్టు, ఉత్తరాన గోడ, దక్షిణాన మురుక్కాలువ దాని ఎల్లలు. దండేనికి వేలాడే చొక్కాలు తలలు లేకపోయినా రొమ్ము విరుచుకునే ఉంటాయి. మూలనున్న పేలికల గుట్టలో, ఏ యుగంలో ఏ పెళ్లికి ఏ రంగు జాకెట్టు కుట్టారో పొరలు పొరలుగా భద్రమై ఉంటుంది.

ఆ సామ్రాజ్యానికి ప్రభువు మాస్టారు. కంఠాన అరవై అంగుళాల టేపు నాగాభరణం. చెవిసందున సుద్దముక్క చంద్రరేఖ. ముక్కు చివర కళ్లద్దాలు, వాటి పైనుంచి తెరుచుకునే చూపు మూడో కన్ను. ఆ కంటికి భస్మం కావడానికి ఒకడు కావాలి గనుక శిష్యుడు పుట్టాడు.

శిష్యుడు సామాన్యుడు కాడు. ఇంటర్మీడియట్ కోట మీద రెండుసార్లు దండెత్తి, రెండుసార్లూ మేథమేటిక్స్ చేతిలో ఓడి, తలవంచక వెనుదిరిగిన వీరుడు. మేనమామ వెంటబెట్టుకొచ్చి, "చంపినా మీరే, సాకినా మీరే మాస్టారూ" అని అప్పగించి, టీ తాగి వెళ్లిపోయాడు. మాస్టారు ఆ కుర్రాణ్ని ఎగాదిగా చూశారు. ఆ ఒక్క చూపులో ఛాతీ ముప్పై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది అని తేలిపోయింది. బుర్ర కొలత మాత్రం అప్పటికి వాయిదా వేశారు.

వీరుణ్ని వర్ణించాక ఆయుధానికి వంశావళి చెప్పాలి. కుట్టుమిషను మూలపురుషుల్లో ఒకడు ఫ్రాన్సు దేశపు దర్జీ తిమోనియే. 1830లో మిషనుకు పేటెంటు పొంది, అసలు ప్యారిస్‌లోనే సైనికుల దుస్తులు కుట్టడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు, తమ పొట్ట కొడుతుందన్న భయంతో తోటి దర్జీలే దండుగా వచ్చి ఆ మిషన్లను విరగ్గొట్టారు. తర్వాత అమెరికాలో ఇలయస్ హౌ అవతరించాడు. చేతిసూదికి బెజ్జం తోక దగ్గర ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర ఉండాలి. మొనలకు రంధ్రాలున్న ఈటెలు పట్టుకుని ఆటవికులు కలలో కనబడి ఆయనకీ రహస్యం చెప్పారని ఒక కథ. 1846లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. 1851లో సింగర్ తీసుకున్నాడు. ఇద్దరికీ కోర్టులో కురుక్షేత్రం జరిగి, సింగర్ హౌకి కప్పం కట్టాడు. ఆ వంశంలోనే మన దేశాన ఉషా వెలసింది. అలాంటి మహావంశ సంజాత అయిన నల్లని మిషను ముందు కూర్చునే యోగ్యత శిష్యుడికి మొదటి మూడు నెలలూ కలగలేదు. దానికి నూనె వేసే యోగ్యత మాత్రం రోజూ కలిగింది.

విద్యాభ్యాసం ఊడ్చడంతో ఆరంభమైంది. రాలిన గుండుసూదులను అయస్కాంతంతో ఏరడం రెండో పాఠం. టీ కొట్టు నుంచి మూడు గ్లాసులు ఒక్క చేత్తో, తొణక్కుండా తేవడం మూడో పాఠం. ఈ మూడూ గట్టెక్కాక కాజాల కాండ వచ్చింది. పొడుగుచేతుల చొక్కా అంటే ముందు నిలువుగా ఆరు కాజాలు, కాలరు పట్టీకి అడ్డంగా ఒకటి, చేతులకు రెండు. గుడ్డకు గాటు పెట్టాలి. దారానికి మైనం పట్టించాలి. గాటు అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేస్తూ, ఎక్కడా సందివ్వకుండా రావాలి. గాటు పొట్టిదైతే గుండీ దూరదు, పొడుగైతే నిలవదు. ద్రోణుడి ముందు అర్జునుడికి పక్షి కన్ను ఒక్కటే కనిపించిందట. మన వీరుడికి సూది కన్ను కూడా కనిపించలేదు. దారం కొస నోట్లో తడిపి, నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, రెండో కన్నూ మూసి, దైవం మీద భారం వేసి గుచ్చేవాడు.

పూర్తయిన కాజాను మాస్టారు దీపానికి ఎదురుగా పట్టి చూసేవారు. ఏమీ అనేవారు కాదు. బ్లేడు అందించేవారు. శిష్యుడు తానే కుట్టిన ముడులను తానే విప్పేవాడు. ఆ కొట్టులో ఉపన్యాసం లేదు, పాఠ్యపుస్తకం లేదు. విప్పడమే వ్యాఖ్యానం.

తర్వాత మిషను. దారం ఎక్కించకుండా, పాత నోటుబుక్కు కాగితం మీద, గీతల వెంట సూది నడిపించాలి. పెడల్ ఒక్క క్షణం తిరగబడితే చక్రం వెనక్కి తిరిగి, అసలు కుట్టులో అయితే దారం పుటుక్కుమంటుంది. కాగితం మీద సరళరేఖలు పట్టుబడ్డాక లంగాలు, ఆ తర్వాత పైజామాలు. ఇలా శిష్యుడు మెట్టు మెట్టుగా ఎగబాకాడు గానీ, ఒక్క శిఖరం మాత్రం అందలేదు. కటింగ్ బల్ల మీది పెద్ద కత్తెర. మాస్టారు దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆయన గుడ్డ కత్తిరిస్తుంటే శిష్యుడు గుండీ కుడుతున్నట్టు నటిస్తూ, ఓరకంట ఆ సుద్దగీతల వంపులన్నీ దొంగిలించేవాడు. దొంగతనం మాస్టారికి తెలుసు. తెలుసు గనుకే, ఆ రోజుల్లో బల్లను కాస్త వెలుతురు వైపు జరిపారు.

మాఘమాసం వచ్చింది. ముహూర్తాలు ముసురుకున్నాయి. ఒక మధ్యాహ్నం మాస్టారు కత్తెర పిడి అతని వైపు తిప్పి, "ఒరేయ్, ఈ జాకెట్టు నువ్వు కటింగ్ చెయ్యి" అన్నారు. దిక్కులు పిక్కటిల్లలేదు. పక్కనున్న ఇస్త్రీ పెట్టెలో ఒక బొగ్గు చిటపటమంది. దేవతలకు అంతకంటే తీరిక లేదు.

ఎదుట చిలకపచ్చ పట్టు ముక్క, 80 సెంటీమీటర్లు. పక్కన ఆది జాకెట్టు. వీరుడు సుద్ద ఝళిపించాడు. వీపు గెలిచాడు. ముందు భాగాలు గెలిచాడు. డాట్లను పాదాక్రాంతం చేసుకున్నాడు. విజయగర్వంతో చేతుల మీద పడ్డాడు. చేతికి ముందు వైపు వంపు లోతుగా, వెనక వైపు తక్కువగా ఉంటుంది, అందుకే ఒకటి కుడిది, ఒకటి ఎడమది అవుతుంది. వీరావేశంలో ఆ ధర్మసూక్ష్మం మరిచి, రెంటినీ ఒకే పక్కకు కోశాడు.

మాస్టారు ముక్కలు పక్కపక్కన పేర్చి చూశారు. "రెండూ కుడిచేతులే అని ఆది జాకెట్టులో ఎక్కడ చూశావురా?"

ఆ రాత్రి కొట్టు మూయలేదు. మిగిలిన బెత్తెడు పట్టుతో, జరీ అంచు కింద చంకలో దాగేలా అతుకు వేసి, మాస్టారు ఎడమచేతిని సృష్టించారు. బ్రహ్మ కూడా ఇంత తక్కువ గుడ్డతో ఎవరికీ చెయ్యి పెట్టి ఉండడు.

పొద్దున్నే పెళ్లివారావిడ వచ్చి, జాకెట్టు తిరగేసి చూసింది. "ఏంటి మాస్టారూ, అతుకేశారు?"

శిష్యుడు గుండీల డబ్బాలో తల దూర్చాడు.

"నా చెయ్యే తప్పిందమ్మా. వయసు మీద పడుతోంది. కుట్టుకూలి ఇవ్వబాకండి."

ద్రోణుడు శిష్యుడి వేలు పుచ్చుకున్నాడు. ఈయన తన చేతికున్న పేరునే శిష్యుడి పద్దు కింద కట్టేశారు. కటింగ్ ఎవరైనా దొంగిలించి నేర్చుకోగలరు. ఊరివాళ్ల పట్టు మీద, తన పేరు తాకట్టు పెట్టి, చెయ్యి తిరగనివాడికి కత్తెర ఇచ్చేవాళ్లే అరుదు.

ఆవిడ సందు మలుపు తిరిగిందో లేదో, "ఆ కూలి నీ జీతంలో కోస్తా" అన్నారు మాస్టారు. కోశారు కూడా, పైసలతో సహా. కోసి, ఇంకో జాకెట్టు ముక్క బల్ల మీద పడేశారు.

ఇది శ్రీమదిస్త్రీబండిసమీపనివాస, బహువిధతిట్లాస్వాదనలబ్ధచాతుర్య, కాజాసహస్రకర్మఠ, దక్షిణహస్తద్వయజాకెట్టుకర్తనవిఖ్యాతుండగు శిష్యుని చరిత్రంబునందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసమున ప్యాంటు కటింగు. గుడ్డ ఎవరిదో ఇంకా తేలవలసి ఉన్నది.