కిరణవిక్రయ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పగలు కిరణమమ్మి పైసలఁ గొనువాఁడు
రాత్రి కొనఁగఁ బోయి రత్నమనుచు
మీటరొకటె గాని మేడకు ధర రెండు
బిల్లుఁ జూచి తలకు బిగియఁ గట్టు

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలారు పలకలు పెట్టించుకున్న తిరుపతి గృహస్థే అయి ఉండాలని పద్యం లోపలి జాడలు చెబుతున్నాయి. కాలం గురించి మాత్రం పేచీ లేదు. ‘ధర రెండు’ అన్నాడు కాబట్టి 2025 ఏప్రిల్ 1కి ఇవతలివాడు. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించి, ఎండ వేళ ఒక ధర, పీక్ వేళ ఇంకో ధర ఉండాలని రాసింది. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ ఆ 2025 ఏప్రిల్ 1కల్లా అన్నది. స్మార్ట్ మీటరు బిగించిన ఇంటికైతే బిగించిన వెంటనే అన్నది. మన వీధుల్లో చాలా ఇళ్లకు ఇంకా ఆరు మెట్ల స్లాబే నడుస్తోంది గదా, మరి కవికి తలనొప్పి ఎందుకు వచ్చింది? రాబోయేదాన్ని ముందే తలుచుకున్నాడని ఒక మతం. కవులు క్రాంతదర్శులని పెద్దలు ఊరికే అనలేదు.

టీక

పగలు = సూర్యుడున్న వేళ. నియమకారుల లెక్కలో ఇది ఎనిమిది గంటలు. ఏ ఎనిమిది గంటలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తేల్చాలి. ఆ మండలి ఉండేది కర్నూలులో, బిల్లు వేసే సంస్థ పెద్దాఫీసు ఉండేది మన తిరుచానూరు రోడ్డులో. కాబట్టి ధర ఎక్కువైందని పెద్దాఫీసు గుమ్మం ఎక్కి కోప్పడేవారు సగం దూరమే వెళ్లినట్టు.

కిరణము = ఎండ. రేణిగుంట ఎండకు రాళ్లు పగులుతాయి, మరి మే నెలలో యూనిట్లు పొంగి పొర్లాలి గదా అని శంక. పలకకు కావలసింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటి పలక వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.3, 0.4 శాతం చొప్పున శక్తి సడలిపోతుంది. ఎండలో మాడినవాడికి పని తగ్గుతుందన్న సూత్రం మనిషికీ పలకకూ సమానమే.

అమ్మి = విక్రయించి. ఈ మాట దగ్గరే వ్యాఖ్యాతలు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పూర్వపక్షం ఇది: నెట్ మీటరున్న ఇంటివాడు అమ్మడమేమిటి? పగలు గ్రిడ్‌కు పంపింది ఎక్స్‌పోర్టు, రాత్రి తెచ్చుకున్నది ఇంపోర్టు, తేడాకే బిల్లు. మిట్టమధ్యాహ్నపు యూనిట్టూ, రాత్రి ఏడున్నరకు సీరియల్ నడిచే వేళ యూనిట్టూ రెండూ ఒకటే అనే అద్వైతి ఆ మీటరు. ఇందులో క్రయవిక్రయాలు లేవు, చేబదులు మాత్రమే ఉంది.

దీనికి సిద్ధాంతి జవాబు: సరే, కానీ మిగులు సంగతేమిటి? ఎక్స్‌పోర్టు జాస్తిగా పోయి మిగిలిన యూనిట్లు సెటిల్‌మెంటు నాటికి డబ్బయ్యేటప్పుడు స్లాబులోని ధర రాదు. అంతకంటే తక్కువది, టోకు ధర వస్తుంది. అక్కడ ‘అమ్మి’ అన్నది ముమ్మాటికీ సార్థకం. ధర రెండయిన నాడు అద్వైతం చెల్లి, పగలూ రాత్రీ వేరనే ద్వైతం స్థిరపడుతుంది. అప్పుడు పద్యం మొత్తం సార్థకం.

పైసలఁ గొనువాఁడు = చిల్లర పుచ్చుకొనేవాడు. స్పష్టం.

రత్నము = మిక్కిలి వెలగలది. అతిశయోక్తి అని కొట్టిపారేయరాదు. 2022 నుంచి మన గృహ స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు రూ. 1.90, 75 దాకా రూ. 3.00, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6.00, 400 దాకా రూ. 8.75, ఆపైన రూ. 9.75. అడుగు మెట్టుకూ పై మెట్టుకూ అయిదింతల తేడా. సోలారు యూనిట్టు బిల్లును పైనుంచి కిందికి కోసుకుంటూ వస్తుంది, అంటే ముందు పోయేవి రత్నాలే. నెలకు 400 యూనిట్లు కాల్చే భవానీనగర్ ఇంటికి ఎనర్జీ ఛార్జీలే రూ. 2,548. మూడు కిలోవాట్ల పలకలు రోజుకు పన్నెండు యూనిట్ల చొప్పున 360 ఇస్తే మిగిలేది 40 యూనిట్లు, రూ. 87. పలక ఇచ్చిన ఒక్కో యూనిట్టు ఆ ఇంట్లో దాదాపు రూ. 6.84 మిగిల్చింది. అదే చిత్తూరు మురకంబట్టులో నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంట్లో, ఒక కిలోవాట్ పలక బిల్లు మొత్తాన్ని ఊడ్చేసినా యూనిట్టుకు మిగిలేది రూ. 3.29. సూర్యుడు ఇద్దరికీ ఒకడే, ఫలం సగానికి సగం తేడా. కేంద్రం ఇచ్చే ‘సూర్య ఘర్’ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై వేల చొప్పున, మూడోదానికి పద్దెనిమిది వేలు, మొత్తం రూ. 78,000 దగ్గర ఆగడంలో న్యాయం ఇదేనేమో. కుప్పం దగ్గర నడిమూరులో, చంద్రగిరి మండలం నారావారిపల్లెలో ఇంటింటికీ పలకలు ఎక్కించడం కూడా ఆ చిన్న స్లాబు ఇంటిని దృష్టిలో పెట్టుకున్న పనే.

మేడ = మన వాడుకలో మిద్దె. యతి కోసం మేడ అన్నాడు, పాపం.

విశేషం

ఇంత చెప్పిన కవి బ్యాటరీ మాట ఎత్తలేదేమి? కారకంబాడి పక్కనే కాపురముండీ బ్యాటరీని మరిచాడంటే నమ్మలేం. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల వారి ఊరది. నోరు తెరిచి చెప్పకుండా స్ఫురింపజేస్తే ధ్వని అంటారు. పగటిదాన్ని అమ్మకుండా రాత్రికి దాచుకొమ్మని వ్యంగ్యార్థం.

వ్యంగ్యార్థానికి కూడా లెక్క కట్టాలి. నెట్ మీటరు ఉన్నంతకాలం గ్రిడ్డే బ్యాటరీ. సొంత బ్యాటరీలో దాచిన యూనిట్టు బయటికి వచ్చేసరికి కొంత తరుగు పోతుంది, లాభం సున్నా. ఇక ధర రెండయిన నాడు? గృహాలకు నియమం అడిగే కనీస తేడా ఇంతే: ఎండ వేళ మామూలు ధరకు ఇరవై శాతం తక్కువ, పీక్ వేళ పది శాతం ఎక్కువ. ఆరు రూపాయల యూనిట్టు పగలు రూ. 4.80, రాత్రి రూ. 6.60. తేడా రూ. 1.80. రోజూ అయిదు యూనిట్లు దాచి రాత్రికి వాడితే తొమ్మిది రూపాయలు, ఏడాదికి రూ. 3,285. బ్యాటరీ లక్ష రూపాయలనుకుంటే పెట్టుబడి తిరిగి రావడానికి ముప్పై ఏళ్లు. అన్నేళ్లు బతికే బ్యాటరీ ఇంకా పుట్టలేదు. ఈ తేడా మూడు నాలుగింతలైతే కథ వేరు. అందాకా ఆదా కోసం బ్యాటరీ కొనమనేవాడి మాట వెండర్ల సంప్రదాయ వ్యాఖ్యగానే గ్రహించాలి.

బ్యాటరీకి ఇంకో ప్రయోజనం ఉంది, అది ఆదా కాదు. కొత్తగా పలకలు పెట్టించినవాళ్లకు మొదటి కోత రోజున తెలిసివచ్చే సంగతి ఇది. నెత్తిన ఎండ మండుతోంది, పలకలు మిలమిల మెరుస్తున్నాయి, కింద ఫ్యాను తిరగదు. ‘ఏందిరా అబ్బయ్యా, లక్షలు పోసి పెట్టిచ్చినాం గదరా’ అని తాత అడుగుతాడు. గ్రిడ్‌లో కరెంటు లేనప్పుడు మామూలు సోలారు ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి. లేకుంటే మన ఇంటి కరెంటు తీగల్లోకి ఎగబాకి స్తంభం మీదున్న లైన్‌మ్యాన్‌ను కొడుతుంది. బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టరు ఉన్న ఇంట్లోనే తాత ఫ్యాను తిరుగుతుంది. ఆ తొమ్మిది రూపాయల లెక్కలోకి తాత సుఖం రాదు, అది శాస్త్రంలో లోపం.

పాఠాంతరం

‘పైసలఁ గొనువాఁడు’ అన్నచోట ‘సెంట్లను గొనువాఁడు’ అని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్రతి. యతి చెడింది, అర్థం మాత్రం మనకంటే అక్కడే బాగా కుదిరింది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు పాత నెట్ మీటరింగ్ లేదు. గ్రిడ్‌కు పంపిన యూనిట్టుకు వచ్చేది సుమారు డెబ్బై అయిదు శాతం తగ్గింది. అందుకే అక్కడ పలకతో పాటు బ్యాటరీ కొనడం ఆనవాయితీ అయింది. అక్కడి కొడుకు ఇక్కడి తండ్రికి ఫోన్లో ‘నాయనా, బ్యాటరీ తప్పనిసరి’ అని చెబితే, ఆ సలహా ఆ ధరలకు సరైనది. తిరుపతి ధరలకు కాదు.

దాచుకోవడం, అమ్ముకోవడం కాక మూడో దారిని కొండ మీద చూపించారు. తిరుమలలో 2002లో సూర్యుడి వెంట తిరిగే 106 అద్దపు పళ్లాలు పెట్టి, ఆ వేడితో ఆవిరి పుట్టించి వేలమందికి అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. ఎండను ఎండ వేళకే వాడుకోవడం. ఇంట్లో దీన్ని అనుసరించదలచినవారు మోటరు, గ్రైండరు, వాషింగ్ మిషను పన్నెండు గంటలకు తిప్పాలి. ఖర్చు లేని బ్యాటరీ నిండిన సంపు. అత్తగారు ఒప్పుకుంటే ఇస్త్రీ కూడా.

నాలుగో పాదం

బిల్లుఁ జూచి = స్పాట్ బిల్లింగ్ మిషను కక్కిన కాగితం చూసి. తాళపత్రాలు వందల ఏళ్లు నిలుస్తాయి, ఈ గ్రంథం మూడు నెలలకే తెల్లబోతుంది. వెంటనే చదవాలి.

తలకు బిగియఁ గట్టు = ఏమి కట్టెను? కర్మ లోపించింది. ‘తువ్వాలు’ అని అధ్యాహారం చేసుకోవాలి.

నెట్ యూనిట్లు సున్నా అయినవాడికి తువ్వాలెందుకని ఆక్షేపం. ఎందుకంటే, యూనిట్లు సున్నా అయినా కిలోవాటుకు పది రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ ఉంటాయి. ఆ కింద సర్దుబాటు ఛార్జీ ఉంటుంది. ఈ చివరిది కర్మసిద్ధాంతానికి సంబంధించింది. 2022-23లో కాల్చిన కరెంటుకు సంబంధించిన సుమారు రూ. 6,072 కోట్లు 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కలిశాయి. నిన్న పెట్టిన పలక నేటి యూనిట్టును కోయగలదు గాని, రెండేళ్ల నాటి ఏసీ పాపాన్ని కడగలేదు. పుణ్యం కూడా ఒకసారి తిరిగివచ్చింది: 2025 నవంబరు నుంచి యూనిట్టుకు 13 పైసలు వెనక్కి ఇమ్మని మండలి ఆదేశం.

కాబట్టి తువ్వాలు అనే అధ్యాహారమే సమంజసం. తడి తువ్వాలని కొందరు. కరెంటు లేని మధ్యాహ్నం అదే మేలు.