ఆ ఒక్క కంప్యూటరుకే ఎందుకు?

ఒకే వైఫై మీద నాలుగు ఫోన్లు, ఒక టీవీ, రెండు కంప్యూటర్లు బతుకుతున్న ఇంట్లో ఒక్క కంప్యూటరు మాత్రమే నత్తనడక నడుస్తోందంటే లైనులో దోషం లేదన్నమాట. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉండి, కుళాయిలన్నీ ధారగా పడుతూ, వంటింటి కుళాయి ఒక్కటే సన్నగా కారుతుంటే ఎవరూ మునిసిపాలిటీని తిట్టరు. ఇంటర్నెట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరూ ముందుగా చేసేది కస్టమర్ కేర్‌కి ఫోనే. వాళ్లు రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు. వేస్తారు. ఆ రెండు నిమిషాలూ ఇంటిల్లిపాదికీ నెట్ పోతుంది. సీరియల్ చూస్తున్న అమ్మమ్మ, ఆన్‌లైన్ క్లాసులో ఉన్న మనవడు జీవితంలో మొదటిసారి ఒకే మాట మీదకు వస్తారు. తర్వాత అందరికీ నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, ఆ కంప్యూటరుకు తప్ప.

ఫోన్ ఫలించకపోతే రెండో మార్గం అల్లుడు. సంక్రాంతికి వచ్చినవాడు కాళ్లు కడుక్కునేలోపే "మీరు సాఫ్ట్‌వేరే కదా బాబూ, ఈ నెట్ సంగతి కాస్త చూడండి" అంటుంది అత్తగారు. బ్యాంకుల కోసం ప్రోగ్రాములు రాసే మనిషికి వైఫై కార్డు గురించి తెలియాలని ఏ రూలూ లేదు. ఆ మాట అత్తగారింట్లో చెప్పుకోలేడు గనక గంభీరంగా రౌటర్ ఆపి మళ్లీ వేస్తాడు.

నిజానికి మొదట కావలసింది కొలత. ఫోన్‌ని హాల్లో రౌటర్ కిందా, కంప్యూటర్ని వెనక గదిలో మూలనా కొలిస్తే తేలేది గదుల మధ్య దూరమే. ఫోన్ తీసుకెళ్లి కంప్యూటరు పక్కనే పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి స్పీడ్ టెస్ట్ చేయాలి. అక్కడ ఫోన్ కూడా నీరసపడితే అది గది సమస్య. ఫోన్‌కి 90 వచ్చి కంప్యూటరుకి 9 వస్తేనే ఈ వ్యాసంతో పని.

అంకెల్లో ఇంకో తిరకాసు ఉంది. ప్లాను 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. సినిమా దిగుతున్నప్పుడు కంప్యూటరు చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి అక్కడ 12 కనిపించిందంటే లైను ఒళ్లు వంచి పనిచేస్తున్నట్టే లెక్క. ఎనిమిదో ఎక్కం రాక మానేసిన కనెక్షన్లు ఈ దేశంలో తక్కువేమీ ఉండవు. అన్నట్టు, 2023 నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ వస్తే చాలు, అంతకుముందు 512 కేబీపీఎస్‌తోనే ఆ గౌరవం దక్కేది. చట్టాన్ని పట్టుకుని పోట్లాడదామనుకునేవారు ఇది తెలుసుకుని దిగడం మంచిది.

కొలత అయ్యాక తేల్చవలసింది, ఇది ఇంటర్నెట్ జబ్బా, కంప్యూటరు జబ్బా అని. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత యంత్రంలో బ్రౌజరు తెరుచుకోవడానికే ఒక కాఫీ పడుతుంది. చూసేవారికి నెట్ రానట్టే ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ గడి 100 శాతం దగ్గర ఎర్రబడి కూర్చుంటే నెట్‌ని వదిలేయవచ్చు. నెట్ తీసేసినా ఉత్త వర్డ్ ఫైలు కూడా అంతే తీరిగ్గా తెరుచుకుంటుందంటే అనుమానం తీరిపోయినట్టే. అలాంటి యంత్రానికి ఎస్ఎస్‌డీ వేయించడమే మందు, ప్లాను పెంచితే కంపెనీకి తప్ప ఎవరికీ లాభం లేదు.

కంప్యూటరు చురుగ్గానే ఉండి నెట్ మాత్రం లాగుతుంటే, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ చిరునామాకు పింగ్ కొట్టాలి. చాలా ఇళ్లలో అది 192.168.1.1, కొన్నిచోట్ల 192.168.0.1. జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో వస్తుంటే రౌటర్ దాకా దారి బాగుంది, గొడవ కంప్యూటరు లోపలి ప్రోగ్రాములది కావచ్చు. ఒకసారి 4, ఒకసారి 380, మధ్యలో 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని వస్తుంటే మాత్రం ఆ పది అడుగుల దూరంలోనే ఏదో ఉంది. సముద్రాల అడుగున వేసిన కేబుళ్ల గురించి పేపర్లో చదివి దిగులు పడేవారికి ఈ పరీక్ష కొంత నిరాశ కలిగిస్తుంది.

వైరుతో కలిపిన కంప్యూటరయితే ముందు వైరునే పట్టుకోవాలి. ఆ నీలం తీగ తొడుగు లోపల ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా మెలేసుకుని ఉంటాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. తలుపు సందులో రోజూ నలిగో, ఎలుక రుచి చూసో, నీలం జతలో ఒక తీగ తెగిందనుకుందాం. చాలా కార్డులు కనెక్షన్ తెంపేయవు, చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది, అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. 300 ప్లాను ఉన్న ఇంట్లో స్పీడ్ టెస్ట్ మాత్రం ఎన్నిసార్లు చేసినా 94, 95 దగ్గరే ఆగిపోతుంది. ఇలా ఒకే అంకె దగ్గర మొండికేయడమే తెగిన తీగ ఆనవాలు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000కి బదులు 100 అని కనిపిస్తుంది. కొత్త వైరు వేస్తే సరిపోతుంది. క్లిప్పు విరిగిన పిన్నుకి సెల్లోటేపు చుట్టి ఊడకుండా గోడకు మేకు కొట్టి కట్టడం మన ఇళ్లలో ఆచారమే గానీ వైద్యం కాదు.

వైఫై మీద నడిచేదానికి కథ ఇంకొంచెం పెద్దది. రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బాటల్లో మాట్లాడుతుంది. మొదటిది గోడలు దాటుతుంది గానీ రద్దీ ఎక్కువ. అపార్ట్‌మెంటులో పైవాళ్లు, కిందవాళ్లు, ఎదురింటివాళ్లు అందరి రౌటర్లూ అక్కడే ఉంటాయి. ఒకదానికొకటి అడ్డురాకుండా నడిచే చానళ్లు అందులో ఉన్నవి మూడే: 1, 6, 11. ఇది చాలదన్నట్టు బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలవే. పప్పు వేడిచేసేటప్పుడు వీడియో ఆగిపోతోందని ఇల్లాలు చెబితే నవ్వి ఊరుకునే భర్తలు ఒకసారి ఓవెన్ ఆపి చూడవచ్చు. 5 గిగాహెర్ట్జ్ బాట వేగమైనది, విశాలమైనది, అయితే రెండు గోడలకే అలిసిపోతుంది. కొత్త ఫోన్లు రెండూ ఎక్కగలవు. చవకలో వచ్చిన పాత ల్యాప్‌టాప్ చాలావరకు 2.4 మాత్రమే ఎరుగును. అందులో ఒక్క యాంటెన్నా ఉంటే లింక్ స్పీడ్ 72 అని చూపిస్తుంది, చేతికి అందేది అందులో సగం కాస్త అటూ ఇటూ. ఆ ఇంటివాళ్లు ప్లానుని 100 నుంచి 300కి, 300 నుంచి 500కి పెంచినా ఆ ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు.

కార్డు మంచిదైనా చోటు చెడ్డదైతే ఫలితం ఉండదు. రౌటర్ పెట్టేచోటు ఇంటివారు నిర్ణయించరు, డ్రిల్లింగ్ మిషనుతో వచ్చిన అబ్బాయి తన వైరు ఎక్కడితో అయిపోతే అక్కడ బిగించి వెళ్తాడు. అది బీరువా పక్కనైతే, ఆ ఇనుప బీరువాకు అవతల ఉన్న గదికి నెట్ నీడ కూడా పడదు. నిలువుటద్దం, ఫ్రిజ్, స్లాబుకు వేసిన కాంక్రీటు అన్నీ తలా కొంత మింగుతాయి. అన్నిటికన్నా దారుణం డెస్క్‌టాప్‌కి తగిలించే వేలెడంత యూఎస్‌బీ వైఫై అడాప్టరు పరిస్థితి. దాన్ని సీపీయూ వెనక పెడతారు. ముందు ఇనుప డబ్బా, వెనక గోడ, చుట్టూ పదేళ్లుగా ఎవరూ దులపని వైర్ల చిక్కు. పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు ఉంటే అది పనిచేసినంతసేపూ 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద చేస్తుంది. అడాప్టరుని ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో టేబులు మీదకు తెస్తే చాలు, చాలాసార్లు వేగం అక్కడికక్కడే లేచి కూర్చుంటుంది. అల్లుడి గౌరవానికి ఇంత తేలిక వైద్యం సరిపోదని కాబోలు, దీన్ని ఎవరూ చేయరు.

ఇక కంప్యూటరు లోపల తిండిపోతులు. టాస్క్ మేనేజర్‌లోనే నెట్‌వర్క్ గడి మీద ఒకసారి నొక్కితే ఎక్కువ మింగేది పైకి వస్తుంది. సాధారణంగా అది విండోస్ అప్‌డేట్, లేదా చెల్లెలి పెళ్లి ఫోటోలు 40 జీబీ క్లౌడ్‌కి ఎక్కిస్తున్న సింక్ ప్రోగ్రాము. డెలివరీ ఆప్టిమైజేషన్ అనే సెట్టింగు ఒకటుంది. అనుమతి ఇచ్చి ఉంటే తాను దింపుకున్న అప్‌డేట్‌ని ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియని కంప్యూటర్లకు కూడా పంచిపెడుతుంది. దానం మంచిదే, ఇంట్లో పిల్లవాడి పరీక్ష ఫారం అప్‌లోడ్ అయ్యాక చేసుకోవచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ చూడాలి. చాలా కంపెనీల్లో అది వేసి ఉంటే మొత్తం రాకపోకలు ఆఫీసు సర్వరు మీదుగానే సాగుతాయి. ఆ సర్వరు అమెరికాలో ఉంటే మియాపూర్‌లో కూర్చుని తెరిచిన తెలుగు పాట సముద్రాలు దాటి వెళ్లి రావాలి. వీపీఎన్ ఆపితే వేగం వస్తే గొడవ ఆఫీసుది, దానికి ఇంట్లో మందు లేదు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయాలి. బ్రౌజరు ఒక్కటే మందగిస్తే ఎక్స్‌టెన్షన్లు ఆపి చూడాలి. సైటు పేరు చెబితే చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్‌ని 8.8.8.8కో 1.1.1.1కో మార్చమని ప్రతి వీడియోలోనూ చెబుతారు. దానివల్ల పేజీ మొదలవడం త్వరపడవచ్చు గానీ సినిమా దిగే వేగం పెద్దగా పెరగదు.

ఇవేవీ కాకపోతే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డుని పట్టుకుని, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయవచ్చన్న టిక్కు తీసేయాలి, డ్రైవరు కొత్తది వేయాలి. నెట్‌వర్క్ రీసెట్ ఆ తర్వాత. అది నొక్కితే దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి. పాస్‌వర్డ్ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు కాబట్టి రౌటర్ అడుగున ఉన్న స్టిక్కరు ముందే చూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి దాని నుంచి కంప్యూటరు తెరిచి కూడా కొలవవచ్చు. అప్పుడు పరుగెత్తితే తప్పు విండోస్‌ది, అప్పుడూ కుంటితే కార్డుది.

కార్డుదని తేలితే కొత్త అడాప్టరు కొనాలి. కొట్లో 'డ్యూయల్ బ్యాండ్' అని అడగాలి. పెట్టె మీద 600 అని ఉంటే అది 5 గిగాహెర్ట్జ్‌లో 433, 2.4లో 150 కలిపి, మిగిలిన 17 కంపెనీవారి ఉదారత కలిపి వేసిన అంకె. రెండూ ఒకేసారి రావు. దాన్ని సీపీయూ ముందు పోర్టుకు పెట్టి, 5 గిగాహెర్ట్జ్ పేరుకే కనెక్ట్ చేసి, ఫోన్ పక్కన పెట్టుకుని మళ్లీ కొలిస్తే రెండు అంకెలూ దగ్గరదగ్గరగా రావాలి.