ఎలుగుబంటి వాటా

మా రోజుల్లో కథ చెబితే నవ్వు దానంతటదే వచ్చేది. రైతూ ఎలుగుబంటీ పొత్తు సేద్యానికి దిగుతారు. ‘పైది నాకు, కిందిది నీకు’ అని ముందే మాట తీసుకుని రైతు వరి వేస్తాడు. ధాన్యం రైతు గాదెలోకి, మోళ్లూ వేళ్లూ ఎలుగుబంటికి. మరుసటేడు అది మొండికేసి ‘ఈసారి పైది నాదే’ అంటుంది. సరేనని రైతు వేరుశనగ వేస్తాడు. ఇక్కడికి రాగానే, నాయనమ్మ ముగించకుండానే, అరుగు మీద పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. పసుప్పచ్చ పూలు పైన పూసి, ఊడలు మట్టిలోకి దిగి అక్కడ కాయ కడుతుందని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొక్క పీకి, మట్టి దులిపి, పచ్చికాయలు నమిలిన నోళ్లు మావి.

హైదరాబాదులో మనవడికి అదే కథ చెబితే వాడు నా మొహంలోకి చూసి, “తర్వాత?” అన్నాడు. తర్వాతేముందిరా, అయిపోయింది! “మరి పల్లీలన్నీ ఎలుగుబంటికే కదా తాతయ్యా?” వాణ్ణనేం లాభం? వాడి బొమ్మల పుస్తకంలో వేరుశనక్కాయలు కొమ్మకి చింతకాయల్లా వేలాడుతున్నాయి. ఊడల సంగతి విప్పి చెప్పాక కాసేపు ఆలోచించి, “అయితే రైతు చీటింగ్ చేశాడు” అని తేల్చాడు. వీడు ఎలుగుబంటి పక్షం!

గ్రిమ్ సోదరుల జర్మన్ కథల్లోనూ ఇదే తంతు. అక్కడ మోసపోయేది దయ్యం, పంటలు టర్నిప్పూ గోధుమా. ఎక్కడైనా వినేవాడికి పంట తెలిస్తేనే కథ పండేది.

మా ఊరి కబుర్లలో ఎలుగుబంటి పాత్ర పట్నం అల్లుడిది. సంక్రాంతికి అత్తారింటికొచ్చి, కాడెద్దుని చూసి “పూటకెన్ని పాలిస్తుంది మావయ్యగారూ?” అంటాడు. బియ్యం చెట్టు చూపించమని బావమరిది ప్రాణం తీస్తాడు. ఇప్పుడా అల్లుడే తండ్రై, పిల్లలకి కథలు చెప్పాల్సిన చోట కూర్చున్నాడు.

పట్నాన్నొక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదులెండి. మా ఊళ్లోనూ కోతమిషను పొద్దున చేలో దిగితే మధ్యాహ్నానికి ధాన్యం ట్రాక్టరెక్కేస్తోంది. కుప్ప వేయడం, నూర్చడం, గాలివాటం చూసి తూర్పారబట్టడం ఈకాలం పిల్లలు ఏం చూశారు? గడ్డివాములే కరువైతే దాగుడుమూతలెక్కడాడతారు? బడి బస్సు కిటికీలోంచి కనపడే పచ్చదనమే వాళ్లకి పొలం. గంగిరెద్దు వాకిట్లోకొస్తే తప్ప ఎద్దుని దగ్గరగా చూడనివాళ్లున్నారు. పట్నం అల్లుణ్ణి చూసి నవ్వడానికి మా ఊళ్లోనే జనం చాలడం లేదు.