పనయ్యాకే కొబ్బరికాయ

ఖమ్మం జిల్లా ముదిగొండ సెంటర్లో చాయ్ తాగుతున్న పెద్దమనిషిని ఎవరినైనా అడగండి, దేవుడి మీద ఎప్పుడైనా అనుమానం వచ్చిందా అని. గబగబా చెంపలేసుకుంటాడు. అనుమానమా, అపచారం, అదంతా పట్నం చదువుల తెగులు అంటాడు. అదే నోటితో, కొడుక్కి ఉద్యోగం వస్తే భద్రాద్రి రాముడికి తలనీలాలిస్తానని మొక్కి ఉంటాడు. వస్తే. ఆ ఒక్క 'తే'లో ఉంది అసలు కథంతా.

మొక్కును మించిన పకడ్బందీ ఒప్పందం రిజిస్ట్రారు ఆఫీసులో కూడా దొరకదు. మేస్త్రీకైనా కొంత బయానా ఇస్తారు గానీ దేవుడికి పైసా ముందివ్వరు. పని కావాలి, ఆర్డరు కాగితం చేతికి రావాలి, అప్పుడు కొబ్బరికాయ. చిలుకూరు బాలాజీ గుడిలో ఈ పద్ధతికి అంకెలు కూడా ఉన్నాయి: కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అక్కడ హుండీ లేదు కాబట్టి బాకీ కాళ్లతోనే తీర్చాలి. వీసా కోసం మొక్కుకుని అది పడకపోతే ఆ 108 ప్రదక్షిణలూ మిగిలినట్టే. ఇంత జాగ్రత్తగా లెక్క చూసుకునేవాళ్లకు అనుమానం లేదంటే, ఇక అనుమానమన్న మాటకు వేరే అర్థం వెతుక్కోవాలి.

ఈ పెద్దమనుషులకు పొరుగునే నేలకొండపల్లి ఉంది. కంచర్ల గోపన్న ఊరు. పాల్వంచ తహసీల్దారుగా వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకునే రామదాసు ఆయనే. చెరసాలలో ఆయన చేసిందేమిటి? కళ్లు మూసుకొని అంతా నీ లీల అనుకుంటూ కూర్చోలేదు. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో ఒక్కొక్క నగ పేరూ చెప్పి, దానికెంతైందో లెక్క అప్పజెప్పి రాముణ్ణి నిలదీశాడు. తహసీల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది! తర్వాత దెబ్బలకు ఓర్వలేక తిట్టానని సర్దుకున్నాడు కూడా. ఈ జిల్లా మొత్తమ్మీద పేరుమోసిన భక్తుడు దేవుడికి బిల్లు పంపినవాడు. ఆ పాటనే చెంపలేసుకునేవాళ్లు నవమి పందిట్లో మైకు పెట్టి మరీ వినిపిస్తారు.

కథలో ఇంకో మెలిక ఉంది. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి ఆరు లక్షలు కట్టి రశీదు తీసుకున్నారట. దర్శనమిచ్చింది మాత్రం గోల్కొండ సుల్తాను తానీషాకు. పన్నెండేళ్లు గొంతు చించుకున్నవాడికి రశీదు మిగిలింది. పోనీ, కళ్లారా చూసిన తానీషాకైనా ఏం ఒరిగింది? ఇది కథ కాదు, చరిత్ర: 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకొని ఆయన్ని దౌలతాబాద్ కోటకు తోలాడు. చచ్చేదాకా అక్కడే బందీ.

అనుమానాన్ని పాడితే భక్తి, వ్యాసంగా రాస్తే ఉద్యోగం ఊడుతుంది. దేవుడి గురించి తన అభిప్రాయం రాసినందుకు 1933లో కాకినాడ కాలేజీ నుంచి బయటికొచ్చిన నాస్తికుడు గోరాను అడిగితే చెప్పేవారు. రాగం కట్టకపోవడమే ఆయన చేసిన పొరపాటు కాబోలు.

ఇంతకీ జనం గుడికెందుకు పోతారు? అజ్ఞానం అని ఒక్క ముక్కలో తేల్చేసే హేతువాదులూ ఖమ్మంలో తక్కువేం లేరు. మార్క్స్ మతాన్ని మత్తుమందన్న మాట వాళ్లకు కంఠతా వచ్చు. దానికి ముందే ఆయన పీడితుల నిట్టూర్పు గురించి రాసిన సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం మతిమరుపు. ముదిగొండకు ఆ నిట్టూర్పు తెలుసు. 2007 జులై 28న పేదలకు భూమి, ఇళ్ల జాగాలు ఇవ్వాలని బంద్ చేస్తే పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. అర్జీకి తూటా జవాబైన ఊళ్లో, జవాబే ఇవ్వని దేవుడు ఎంతో మర్యాదస్తుడిలా కనిపిస్తాడు. రశీదు ఇవ్వకపోయినా చెప్పుకున్నంతసేపూ వింటున్నట్టే ఉంటాడు. (కొన్ని కులాలను గడప బయటే నిలబెట్టిన చరిత్ర గుడికీ ఉందనుకోండి. అక్కడా అందరి అర్జీలూ ఒక్క వరుసలో లేవు.)

ఇక వరదొచ్చినప్పుడు చూడండి. భద్రాచలం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 1986 ఆగస్టులో 75.6కు ఎక్కింది, 2022 జులైలో 71 దాటింది. రాముడు ఉన్న ఊరికి ఏమవుతుందిలే అని ధీమాగా కూర్చున్న భక్తులు ఎందరో గానీ, గంటగంటకూ నీటిమట్టం ఎంతని అడిగినవాళ్లే ఎక్కువ. గోదారమ్మకు పసుపు కుంకుమలు వేసిన చేతులే మూటాముల్లె సర్దుకొని పునరావాస కేంద్రాల బండ్లెక్కాయి. నీళ్లు తీశాక ఇళ్లకొచ్చారు. ముందు పారతో బురద ఎత్తిపోశారు. ఆ తర్వాత రాముడి పటం తుడిచి, ఈసారి మేకు ఇంకాస్త పైకి కొట్టి తగిలించారు.